బోరన్నతో ఊటల దాకా

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ వైపు బండి తిప్పినవాడికి ఊరు దాటడమే సగం ప్రయాణం. స్కైవాక్ కింద నుంచి బయటపడి, పని మొదలై ఏళ్ళయినా మేం వెళ్ళిన నాటికి పూర్తికాని ఎత్తు వంతెన స్తంభాల మధ్య నారపల్లి దాకా పాకాలి. హనుమకొండ బస్సుల కోసం సంచులు పట్టుకుని పరుగెత్తేవాళ్ళు, వాళ్ళ కాళ్ళకు అడ్డంపడే ఆటోలు. జాతర రోజుల్లో మేడారం బస్సులకు జనం విరగబడేది కూడా ఇక్కడే. ఘట్‌కేసర్ దాటాక గాని మాకు కారు అద్దం దించాలనిపించలేదు.

మేం పోయింది నీళ్ళు చూడడానికి. నాచారంలో ఉండేవాళ్ళకు ఈ మాట వింతగా తోచదు. ఎండాకాలం వస్తే మా కాలనీలో పొద్దు పొడిచేది ట్యాంకరు హారన్‌తోనే. పక్కనే పెద్ద చెరువుంది గాని, గాలి అటునుంచి తిరిగిన రోజున కిటికీలు మూసుకుంటాం. మాతో వచ్చిన పక్కింటాయన చాలా ఏళ్ళు బోర్ల రిగ్గు నడిపాడు. కాలనీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బోరన్నే. ఉప్పల్, మల్లాపూర్, హెచ్‌ఎంటీ నగర్ గల్లీల్లో ఏ ఇంటి కింద ఎన్ని అడుగులకు తడి తగిలిందో, ఎక్కడ తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదో నోటికి చెప్పగలడు. "నీళ్ళుంటే పైన రెండొందల ఫీట్లల్లనే ఉంటయి తమ్మీ. ఆ కిందికి పోయేది ఆశ" అంటాడు. హైదరాబాద్ కూర్చున్న నల్లరాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. పైపొర చివికిన మేర కొంత నీరు పడుతుంది, దాని కింద పగుళ్ళలో మరికొంత. ఇంకా కిందికి పోతే గట్టి బండ. హబ్సిగూడ దారిలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు ఈ రాతిలో నీటి జాడల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళు తేల్చినదానికీ బోరన్న తన డబ్బూ జనం డబ్బూ పోసి తెలుసుకున్నదానికీ పెద్ద తేడా లేదు.

ఎక్కడికి పోదామన్న మాట వచ్చినప్పుడు పిల్లలు అడవిలో చెక్క గది కావాలన్నారు. మా ఆవిడ నది కావాలంది. బోరన్న మాత్రం "మోటరు లేకుండ నీళ్ళొచ్చే జాగ జూపిస్తనంటే వస్త" అని మెలిక పెట్టాడు. మూడూ ఒకే దారిలో దొరికేది ములుగు జిల్లాలోనే. తాడ్వాయిలో అటవీ శాఖ కుటీరాలున్నాయి, ఆ పైన గోదావరి, దాని ఒడ్డు వెంట దిగితే మల్లూరు ఊట.

అసలు తగవు కాలం మీద వచ్చింది. బొగత జలపాతం వీడియోలన్నీ శ్రావణంలో తీసినవే, అందుకే పిల్లలకు వానాకాలం కావాలి. బోరన్న ససేమిరా అన్నాడు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి కురిసేది ఇంచుమించు 800. ఆ వారంలోనే వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి పోయిన ఎనభై మంది దాకా వాగుకు అవతల చిక్కుకుపోతే, విపత్తు దళాలు రాత్రంతా కష్టపడి బయటికి తెచ్చాయి. వాళ్ళు అదృష్టవంతులు. జంపన్న వాగు మీద పడి కొండాయి ఊళ్ళో ప్రాణాలే తీసుకుంది. మరి వేసవిలో పోదామా అంటే అప్పుడు వాగుల్లో ఇసుకే మిగులుతుంది. చివరికి కార్తీకం వెళ్ళి చలి ముదిరే వేళకు ఒప్పందం కుదిరింది. వాగులు శాంతించి, ఊటలు ఇంకా తగ్గని కాలం అది. గది ఎక్కడ, తిండి ఎక్కడ అన్న ప్రశ్నలు ఆ తర్వాత అవే తేలిపోయాయి.

బీబీనగర్ దాకా రోడ్డుకు కుడిపక్కన, కంటికి అందనంత దూరంలో మూసీ కూడా మాతో పాటే తూర్పుకు పోతుంటుంది. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరది. ఉప్పల్ చేరేసరికి ఊరంతటి మురుగూ దాని నెత్తిన పడుతుంది, ఒడ్డున పశువులకు వేసే పారాగడ్డి మాత్రం ఏపుగా పెరుగుతుంది. ఈ మాటే కారులో అంటే, "మనం ఇంత దూరం పోయి ఊటలు జూసుడు, ఇంట్ల పుట్టిన ఊటను గిట్ల జేసుడు" అని బోరన్న భార్య, మాకు వదిన, ముక్తసరిగా తేల్చేసింది.

భువనగిరి కోట గుండు కనిపించగానే పిల్లలు అరిచారు. చుట్టూ చదునుగా ఉన్న నేల మీద ఆ ఏకశిల ఒక్కసారిగా లేస్తుంది. పడమటి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడన్న బిరుదున్నవాడు, దాని మీద కోట కట్టించాడు కాబట్టి త్రిభువనగిరి అన్నారు, అదే నలిగి ఇప్పటి పేరయింది. బోరన్న దాన్ని వేరే చూపుతో చూశాడు. "గీ గుండే మన ఇంటి కింద గూడ ఉన్నది, బయటికి రాలే గంతే" అన్నాడు. పెంబర్తి ఇత్తడి, జనగామ టీ, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు పక్కన అమ్మే సీతాఫలాల ఆఖరి గంపలు. హనుమకొండలో ఒక చిన్న హోటల్లో సర్వపిండి తిన్నాం. అంచు కరకరలాడాలి, నడుమ మెత్తగా ఉండాలి, నువ్వులు పంటికి తగలాలి. మా నాచారం మిఠాయి దుకాణాల్లో అదే పేరుతో అమ్మేది బిస్కెట్టు.

ములుగు ఇవతల గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగకుండా ఏ బండీ పోదు. మేడారం పోయేవాళ్ళు మొదటి మొక్కు ఈమెకే చెల్లిస్తారు. మేం మేడారం పోవడం లేదని చెప్పినా, కొబ్బరికాయలమ్మే ముసలమ్మ కుంకుమ పొట్లం ఊరికే చేతిలో పెట్టింది. "అడివిల వడుతున్నరు గద, ఉండనీ బిడ్డా." డబ్బిస్తే తీసుకోలేదు. ఉప్పల్‌లో పార్కింగు కుర్రాడితో పది రూపాయల కోసం పొద్దున్నే గొడవపడి వచ్చిన నాకు ఆ పొట్లం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రామప్ప గురించి అందరూ రాశారు. 1213 నాటి గుడి, కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, నీళ్ళ మీద తేలే ఇటుకలు, ఇసుక మీద నిలిపిన పునాది, 2021 జులైలో యునెస్కో గుర్తింపు. నాకు రాయాలనిపించింది గుడి పక్కన ఉన్న చెరువు గురించి. కాకతీయులు గుడి కట్టిన చోట ముందు చెరువు చూడాలంటాడు బోరన్న. గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి, అటు నీరు నిలిపి, ఇటు పొలాలకు తూములు వదిలారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ కట్ట కింద వరి కోసి కుప్పలు వేస్తున్నారు. గోవిందరావుపేట మీదుగా లక్నవరం పోతే అదీ అంతే, గుట్టల నడుమ కాకతీయుల కాలం చెరువు. అక్కడ ఇప్పుడు వేలాడే వంతెనలూ, దీవుల మీద బస గదులూ, మైకులో సినిమా పాటలూ ఉన్నాయి. మాకు ఒక గంట చాలనిపించింది. మా ఉప్పల్ నల్ల చెరువు కూడా ఒకప్పుడు పంటలు పండించిన చెరువే. దాన్ని బాగుచేస్తున్నారంటే సంబరపడతాం గాని, దాని కింద ఏ పొలం తడిసేదో మా కాలనీలో చెప్పేవాడు లేడు.

పస్రా దాటాక రోడ్డు రెండు పక్కలా అడవి దగ్గరికొస్తుంది. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు పొదలు. జలగలంచ వాగు మీద బండి ఆపి చూస్తే నీళ్ళు మోకాలి లోతు లేవు, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. 2023లో ఈ వాగే జాతీయ రహదారి మీదికెక్కి రాకపోకలు ఆపిందంటే పిల్లలు నమ్మలేదు. ఇది 1950ల తొలి నాళ్ళ నుంచి రక్షణలో ఉన్న ఏటూరునాగారం అభయారణ్యం. అయినా 2024 ఆగస్టు 31న ఒక్క గాలివాన తాడ్వాయి, మేడారం మధ్య 50 వేలకు పైగా చెట్లను పడగొట్టింది. అంత పెద్ద గాలి అడవిని ఊడ్చేసి ఊళ్ళ మీదికి రాలేదు. దానికి ఇక్కడి వాళ్ళు శాస్త్రం వెతకలేదు. మేడారం తల్లులు అడ్డం నిలబడ్డారన్నారు.

తాడ్వాయి కుటీరాలు పట్నం వాళ్ళు ఊహించుకునేంత విడ్డూరంగా ఉండవు. రెండు మంచాలు, ఒక ఫ్యాను, బయట అరుగు. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా అడవి, అంతకు మించి అక్కడ చూడడానికి ఏమీ పెట్టలేదు, పెట్టకపోవడమే మంచిదైంది. చీకటి పడేలోపు చలి దిగింది. రాత్రికి వంటమనిషి కట్టెల పొయ్యి మీద నాటుకోడి, జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి పెట్టాడు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, కాల్చిన ఎండుమిర్చి నలిపి వేశాడు. ఇంట్లో చేసేదే, కానీ ఆ పొగ వాసన గ్యాసు పొయ్యి మీద రాదు. మేం తింటుంటే పక్కన నిలబడి వడ్డించాడు తప్ప, కూర్చోమంటే కూర్చోలేదు. కాపలా ఉండే కోయ కుర్రాడు మాత్రం పిల్లల మధ్య చేరి అడవి సంగతులు చెప్పాడు. కణుజులు తెల్లవారుజామున వాగుకు దిగుతాయట. "రాత్రి టార్చి లేకుండ బయటికి రాకుర్రి సారు, పాములు మిమ్ముల గుర్తువట్టయి" అన్నాడు. అతన్ని గుర్తుపడతాయా అని మావాడు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

తెల్లారి వాగు వైపు నడిచాం. నీళ్ళు పారుతున్నాయి, తేటగా ఉన్నాయి. అయినా ఒకామె ప్రవాహాన్ని వదిలేసి, ఒడ్డున ఇసుకలో మూరెడు గుంట తవ్వుకుని దాని పక్కన కూర్చుంది. చెలిమె. మొదట ఊరిన నీళ్ళు మసకగా ఉంటే తోడి పారబోసింది. మళ్ళీ ఊరేదాకా ఆగింది. మళ్ళీ పారబోసింది. మూడో విడతకు అడుగు కనిపించాక సొరకాయ బుర్రతో ముంచి బిందెలో పోసుకుంది. అంతసేపూ మా ఆవిడ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని చూసింది.

"పారే నీళ్ళుండంగ ఇదెందుకక్కా?" అని వదిన అడిగింది.

"వాగుల పసులు దిగుతయి గద. ఇసుక వడవోసి ఇస్తది" అంది ఆమె. అని, బుర్ర మాకు అందించింది. తాగే ముందు మా వాడు చెప్పులతో గుంట అంచు తొక్కబోతే మాత్రం గదమాయించింది. "దూరం జరుగు బిడ్డా, నీళ్ళను తొక్కొద్దు."

మా ఇంట్లో నీళ్ళను వడపోసే యంత్రం లీటరు మంచినీళ్ళివ్వడానికి అంతకంటే ఎక్కువే సింకులోకి వదులుతుంది. అది ఏటా బాగుచేయించాలి. ఈమె గుంట సాయంత్రానికి పూడిపోతుంది, రేపు మళ్ళీ తవ్వుకుంటుంది. ఇందులో ఏది మేలని తేల్చడానికి నేనెవర్ని, ఆమె ఇంటికి కుళాయి వస్తే ఆమె కూతురు బిందె మోయక్కర్లేదు. అడవి జీవితం అందంగా ఉందని రాసే పట్నం రచయితలంటే నాకు కొంచెం అనుమానం. కానీ నీళ్ళు ఊరేదాకా ఆగడమన్నది మా ఇంట్లో ఎవరికీ రాదు. కుళాయి తిప్పాక రెండు క్షణాలు ఆలస్యమైతే వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తాం.

ఏటూరునాగారం దాటి ముళ్ళకట్ట వంతెన మీద గోదావరిని చూశాం. నది వెడల్పు కంటే ఇసుక వెడల్పే ఎక్కువ కనిపించింది. ఈ నది నీళ్ళే ఎల్లంపల్లి దగ్గర తోడి, 2015 నుంచి పైపుల్లో హైదరాబాద్‌కు తెస్తున్నారు. ఎవరి కుళాయిలో కృష్ణ, ఎవరి కుళాయిలో గోదావరి అన్నది మా కాలనీలో వేసవి చర్చ. వంతెన మీద గాలికి వదిన కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుని, చిల్లర నాణెం నదిలో వేసి దండం పెట్టుకుంది. బోరన్న మాత్రం ఇసుక లారీల వరస చూసి నిట్టూర్చాడు.

బొగతను నాలుగు మాటల్లో దాటేస్తాను. చీకుపల్లి వాగు రాతి మెట్ల మీద నుంచి వెడల్పుగా దూకుతుంది, కింద మడుగు. దీన్ని తెలంగాణ నయాగరా అనడం ప్రచారానికి పనికొస్తుందేమో గాని, నయాగరా మాట ఎత్తకుండానే చక్కగా ఉంది. మేం వెళ్ళిన కాలానికి సగం బండ పొడిగా బయటపడి, మిగతా సగం మీద నీళ్ళు పాయలుగా జారుతున్నాయి. పిల్లలు వీడియోలో చూసిన ఎర్రటి హోరు లేదని కాసేపు అలిగి, తర్వాత మడుగు దగ్గర నుంచి కదలం అన్నారు. ఉరవడి ఎక్కువైన రోజుల్లో ఇక్కడికి ఎవర్నీ రానివ్వరు.

మల్లూరు వేరు. మంగపేట మండలంలో, గోదావరికి దగ్గర్లో ఉన్న అడవి గుట్ట. మెట్లెక్కితే హేమాచల లక్ష్మీనరసింహస్వామి. తొమ్మిది అడుగుల పైచిలుకు విగ్రహం, పొట్ట దగ్గర వేలితో తాకితే మెత్తగా ఉంటుందని భక్తులు చెబుతారు. గుడి పక్క నుంచి అడవిలోకి నడిస్తే చింతామణి జలధార. గుట్ట లోపలి నుంచి నీళ్ళు వస్తాయి. మీట లేదు, మోటరు లేదు, శబ్దం కూడా పెద్దగా లేదు. ఆ పేరు రాణి రుద్రమదేవి పెట్టిందని అక్కడి వాళ్ళ మాట. వేర్ల మధ్య నుంచి పారి వస్తాయి కాబట్టి రోగాలు పోతాయని నమ్మి జనం డబ్బాల్లో నింపుకుపోతారు. మా ముందు ఒక కుటుంబం ఇరవై లీటర్ల క్యాన్లతో వచ్చింది. వరసలో వెనకున్న ముసలాయన్ని చూసి వాళ్ళు తమ క్యాను పక్కకు తీసి, ఆయన చెంబు ముందు నింపిచ్చారు. ఎవరూ అడగలేదు. ట్యాంకరు దగ్గర మా కాలనీలో ఇంత మర్యాద నేను చూడలేదు. ఇక్కడ నీరు అయిపోతుందన్న భయం లేకపోవడమే దానికి కారణం కావచ్చు.

బోరన్న ఆ ధార కింద అరచెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత గుట్ట చుట్టూ తిరిగి ఒక రాతి ముక్క తెచ్చాడు. గోదావరి లోయంతా భూమి పగిలి కుంగిన పొడవాటి పల్లం. కోట్ల ఏళ్ళ పాటు ఆ పల్లంలోకి ఇసుక కొట్టుకొచ్చి గట్టిపడి ఇసుకరాయి అయింది, అడవులు పూడి సింగరేణి బొగ్గు అయింది. మన నల్లరాయి నీటిని పగుళ్ళలోనే దాచుకుంటే, ఇసుకరాయి ఒళ్ళంతా తాగుతుంది. వానాకాలం తాగిన నీటిని ఏడాదంతా కొత్త కుండ చెమర్చినట్టు కొద్దికొద్దిగా వదులుతుంది. పైన అడవి ఉన్నంత కాలం వాన నేల మీద జారిపోకుండా లోపలికి దిగుతుంది. తాడ్వాయిలో కూలిన చెట్లు అందుకే నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

ఆ లోయ అంచుల్లో భూమి ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకు ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో కంపిస్తే, హైదరాబాద్‌లోనూ తెలిసింది. నాచారంలో మా వంటింటి గిన్నెలు మోగాయి. పై అంతస్తులో ఎవరో బీరువా జరుపుతున్నారనుకున్నాం.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారే చాలు. కానీ మణుగూరు పక్కన పగిడేరు గురించి ఎవరో చెప్పారని బోరన్న పట్టుబట్టాడు. మంగపేట నుంచి గోదావరి ఒడ్డు వెంటే కిందికి పోవాలి. దారిలో మిరప చేలు, బొగ్గు లారీల దుమ్ము. పగిడేరులో ఎప్పుడో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్ళు వాటంతట అవే ఉబికి వస్తున్నాయి. రాత్రీ పగలూ, ఆగకుండా. ఆ వేడితో కరెంటు తీయడానికి 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం కూడా పెట్టారు. మావాడు వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

కాలువలోకి మళ్ళిన నీళ్ళ దగ్గర ఒకాయన లుంగీ ఎగగట్టి ఒళ్ళు రుద్దుకుంటూ, ఏ ఊరని పలకరించాడు. హైదరాబాదన్నాం. మీకు నీళ్ళు రావా అని అడిగాడు, మర్యాదకే.

బోరన్న పైపు చుట్టూ తిరిగాడు. కేసింగ్ ఎంత వెడల్పుందో జానతో కొలిచాడు, ఎన్ని అడుగులు దించారో ఆయన్ని అడిగాడు, ఆయనకు తెలియదు. చెప్పులు విప్పి కాలువ గట్టు మీద కూర్చుని, కాళ్ళు గోరువెచ్చని చోట పెట్టుకున్నాడు.

"నాచారంల నీళ్ళ కోసం వేస్తే దుమ్మొచ్చె" అన్నాడు చివరికి. "ఈడ బొగ్గు కోసం వేస్తే స్నానానికి నీళ్ళొచ్చినయి. అవి గూడ కాగవెట్టి." వదిన ఆయన భుజం మీద తువ్వాలు వేసి, లేవమంది. చీకటి పడేలోపు ఖమ్మం దాటాలి.